మొదటి మెగాబైట్‌ను ఎందుకు ముట్టుకోరు?

కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా పనిలోకి దిగేది విండోసూ కాదు, లినక్సూ కాదు. అది ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డు మీది చిప్‌లో ముందే రాసి ఉండే ప్రోగ్రామ్). పాత యంత్రాల్లో దీన్ని బయోస్ అంటారు. హార్డ్‌వేర్‌ను సిద్ధం చేసి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు పగ్గాలు అప్పగించడం దీని పని.

అప్పగించేటప్పుడు ఒక పట్టిక కూడా ఇస్తుంది. ర్యామ్‌లో ఏ భాగం వాడుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్నది అందులో ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, ఈ పట్టిక అన్నిసార్లూ నిజం చెప్పదు. 'ఖాళీ' అని చూపిన చోట కూడా కొన్ని ఫర్మ్‌వేర్‌లు తర్వాత రాస్తుంటాయి.

పలివెల అనే ఊళ్లో కాలువ గట్టును ఆనుకున్న పొలం చెక్క ఒకటి ఉందనుకోండి. రికార్డులో అది సాగు భూమే. కానీ పూడిక తీసినప్పుడల్లా ఆ మట్టి అక్కడే పోస్తారు. రికార్డును నమ్మి నాట్లు వేస్తే ఏదో ఒక ఏడు పంట మట్టిపాలవుతుంది.

మెమరీలో అలాంటి చెక్క మొదటి మెగాబైట్. దానికి కారణం 1978 నాటి ఇంటెల్ 8086 ప్రాసెసర్. దాని చిరునామాకు 20 బిట్లే. అంటే 1 మెగాబైట్ దాటి అది చూడలేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ అందులో 640 కిలోబైట్లను ప్రోగ్రాములకు, మిగతా 384 కిలోబైట్లను తెరకూ బయోస్‌కూ కేటాయించింది. ప్రోగ్రాముల వాటాలోనూ బయోస్‌కు చోటుంది. అడుగున తొలి 1024 బైట్లలో ఇంటరప్ట్ పట్టిక (ఏ సంకేతానికి ఏ కోడ్ నడవాలో చెప్పేది), దాని తర్వాత 256 బైట్లలో బయోస్ సొంత లెక్కలు ఉంటాయి. ప్రాసెసర్లు మారినా ఈ అలవాటు పోలేదు.

ముఖ్యంగా కంప్యూటర్ నిద్రలోకి వెళ్లి లేచేటప్పుడు ఫర్మ్‌వేర్ మళ్లీ నడుస్తుంది. ఆ సమయంలో అది అడుగు మెమరీలో రాస్తే, అక్కడ దాచుకున్న డేటా చెడిపోతుంది. యంత్రం ఆగిపోయేది మాత్రం ఎప్పుడో, ఇంకెక్కడో. అందుకే కారణం పట్టుకోవడం కష్టం.

2008లో లినక్స్ రూపకర్తలు అడుగు 64 కిలోబైట్లను నిమిషానికోసారి తనిఖీ చేసే కోడ్ చేర్చారు. తర్వాత ఆ 64 కిలోబైట్లను వాడకుండా వదిలేయడం మామూలైంది. అదీ చాలలేదు. 2021 జూన్‌లో విడుదలైన లినక్స్ 5.13, ఎక్స్86 (8086 వారసత్వపు ప్రాసెసర్లున్న) యంత్రాలన్నింటిలో మొదటి మెగాబైట్ మొత్తాన్నీ పక్కన పెట్టింది. ఏ బయోస్ ఎంత వాడుతుందో ఒక్కొక్కటిగా లెక్కగట్టే పని దాంతో తప్పింది.

అయితే ఇక్కడ వరస ముఖ్యం. మిగతా ప్రాసెసర్ కోర్‌లను లేపే చిన్న కోడ్ (దీన్ని ట్రాంపొలిన్ అంటారు) ఈ మెగాబైట్‌లోనే ఉండాలి. కోర్‌కు పంపే మేలుకొలుపు సందేశంలో పేజీ నంబరుకు 8 బిట్లే చోటు. 256 పేజీలు, ఒక్కోటి 4 కిలోబైట్లు, కలిపితే సరిగ్గా 1 మెగాబైట్. కాబట్టి లినక్స్ ముందు ట్రాంపొలిన్‌కు చోటు తీసుకుంటుంది. ఆ తర్వాతే మిగతాదంతా మూసేస్తుంది.

దీనికి అయ్యే ఖర్చు స్వల్పం. 8 గిగాబైట్ల ర్యామ్‌లో ఇది 8192వ వంతు. కానీ రక్షణ ఈ మెగాబైట్ వరకే. ఆ పైన ఫర్మ్‌వేర్ పట్టిక తప్పైతే ఈ ఏర్పాటు ఆదుకోదు. అక్కడ ఫర్మ్‌వేర్‌ను తయారీదారే సరిదిద్దాలి.