మీకు తెలుసా? మండు వేసవిలో మిట్టమధ్యాహ్నపు ఎండ ఉత్తరపు గోడదే
హైదరాబాదులో ఇంచుమించు మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ వేళ ఎండ తగిలేది ఉత్తరపు గోడకే, దక్షిణపు గోడ నీడలో ఉంటుంది.

ఆ రెండు తేదీల్లో నిటారుగా నిలబెట్టిన కర్రకు కాసేపు నీడే కనబడదు. తిరుపతిలో ఈ కాలం ఏప్రిల్ చివర్లోనే మొదలవుతుంది. కర్కట రేఖకు పైనున్న ఢిల్లీకి ఈ చోద్యం ఎన్నడూ లేదు.

ఉత్తరపు ఎండతో పెద్ద పేచీ లేదు లెండి. జూన్ 21 మధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు దాదాపు 84 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక, కిటికీ మీద అడుగు వెడల్పు సన్‌షేడ్ చాలు. డిసెంబరు 21న దక్షిణాన 49 డిగ్రీలకు దిగి, అటు కిటికీలోంచి గదిలోకి వస్తాడు. చలికాలం కదా, ఎవరూ కాదనరు.

అసలు చిక్కు పడమటితోనే. సాయంత్రపు ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కింద నుంచి దూరుతుంది. అక్కడ చెట్టో, వట్టివేళ్ల తడికో అడ్డుండాలి. పడమటికి నిలువెత్తు అద్దాలు బిగిస్తున్న కొత్త అపార్ట్‌మెంట్లు మాత్రం ఏసీ మీదే భారం వేసినట్టున్నాయి.