పుల్లీ మార్చే ముందు ఒక తూకం

1999 వేసవిలో అమెరికాలో ఫోర్డ్ కంపెనీకి పెద్ద చిక్కొచ్చిపడింది. కొత్తగా దింపిన మస్టాంగ్ కోబ్రా కారు 320 హార్స్‌పవర్ ఇస్తుందని అది ప్రకటించింది. కొన్నవాళ్లలో కొందరు బండిని తిన్నగా, శక్తిని కొలిచే డైనో యంత్రం ఉన్న షెడ్డుకు తోలుకెళ్లి కొలిపించారు. ఉండాల్సినదానికంటే అంకె తక్కువొచ్చింది. ఒక్కరికే వస్తే ఆ ఒక్క బండిదే లోపం అనుకోవచ్చు. పలుచోట్ల అదే ఫిర్యాదు వినబడేసరికి ఆగస్టులో ఫోర్డ్ అమ్మకాలు ఆపేసింది. అప్పటికే అమ్ముడైన కార్లను వెనక్కి పిలిపించి ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఇంజిన్ కంప్యూటర్, వెనుకవైపు ఎగ్జాస్ట్ గొట్టాలు మార్చి ఇచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టుగా ఉండగానే వాళ్లు కొలిపించారు. ముందు ఫిల్టరూ సైలెన్సరూ మార్చి, ఆ తర్వాత డైనో ఎక్కించి ఉంటే, తప్పు కంపెనీదా, పెట్టిన సామానుదా అన్నది ఎప్పటికీ తేలేది కాదు.

ఆ కోబ్రాను తీర్చిదిద్దిన ఫోర్డ్ ఎస్‌వీటీ విభాగమే అదే ఏడాది ఒక పికప్ ట్రక్కును కూడా తెచ్చింది. ట్రక్కు అనగానే మనకు లారీ గుర్తొస్తుంది. ఇది అది కాదు. ముందు క్యాబిను, వెనుక తెరిచిన తొట్టి ఉండే అమెరికన్ పికప్. పేరు ఎఫ్-150 లైట్నింగ్. 5.4 లీటర్ల వీ8 ఇంజిన్, దాని నెత్తిన ఈటన్ సూపర్‌ఛార్జర్, 360 హార్స్‌పవర్, 440 పౌండ్-అడుగుల టార్క్. 2001లో ఆ లెక్క 380కి, 450కి పెరిగింది. సామాన్లు మోయడానికి పుట్టిన బండి స్పోర్ట్స్ కార్లకు పోటీగా పరుగెత్తుతుంటే చూసినవాళ్లకు మతిపోయింది. 2004తో దాని ఉత్పత్తి ఆగినా, ఇరవై ఏళ్లు దాటిన ఆ బండ్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంకా శక్తి కావాలనుకునేవాళ్లు అందులో మొదట చేసే పని దాదాపు ఒక్కటే. సూపర్‌ఛార్జర్ మీదున్న పుల్లీ తీసేసి, అంతకంటే చిన్నది బిగించడం. పుల్లీ చిన్నదైతే సూపర్‌ఛార్జర్ వేగంగా తిరుగుతుంది, ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోస్తుంది. దానికి తగ్గట్టు కంప్యూటర్లో ట్యూన్ మార్చాలి.

ఆ పుల్లీ మీద చెయ్యి పడకముందే ఒకసారి డైనో ఎక్కించాలి. ట్యూనర్లు దీన్నే బేస్‌లైన్ అంటారు. డబ్బు దండగ అని చాలామంది వదిలేసేది సరిగ్గా ఈ ఒక్క పనినే. పుల్లీకీ ట్యూనుకూ అయ్యే మొత్తం ఖర్చులో ఇది చిన్న భాగం.

డైనో అంటే నేలలో అమర్చిన పెద్ద ఉక్కు డ్రమ్ము. ట్రక్కు వెనుక చక్రాలను దాని మీదకు ఎక్కించి, నాలుగు మూలలా పట్టీలతో నేలకు బిగించి కట్టేస్తారు. బానెట్ తెరిచి ఎదురుగా పెద్ద ఫ్యాను పెడతారు. సైలెన్సర్ గొట్టంలోకి ఒక సన్నని గొట్టం దూరుస్తారు. పొగను చూసి గాలికీ పెట్రోలుకూ మధ్య పాళ్లు చెప్పేది అదే. లైట్నింగ్‌లో ఓవర్‌డ్రైవ్ ఆపేసి మూడో గేరులో కొలుస్తారు. ఎందుకంటే ఆ గేరులో ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే గేర్‌బాక్సు కూడా అన్నే తిప్పి పంపుతుంది. ఇక యాక్సిలరేటర్ అడుగంటా తొక్కడమే. సూపర్‌ఛార్జర్ ఈల షెడ్డంతా నిండిపోతుంది, కాళ్ల కింద నేల అదురుతుంది. ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లకు చేరేసరికి, అంగుళం కూడా ముందుకు కదలని ఆ బండి టైర్లు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. కాసేపట్లో అంతా సద్దుమణిగి తెర మీద రెండు గీతలు మిగులుతాయి. ఒకటి టార్క్, ఒకటి హార్స్‌పవర్. డ్రమ్ము బరువు, కొలత ముందే తెలుసు కాబట్టి, దాన్ని ఎంతసేపట్లో ఎంత వేగానికి తిప్పిందన్న లెక్క నుంచే ఆ గీతలు పుడతాయి.

తెర మీద కనబడే అంకె కంపెనీ చెప్పిన 380 కాదు. కంపెనీ లెక్క ఇంజిన్ దగ్గరది, డైనో లెక్క చక్రాల దగ్గరది. మధ్యలో గేర్‌బాక్సు, షాఫ్టు, యాక్సిలు, టైర్లు తమ వాటా తీసుకుంటాయి. ఆ నష్టం ఎంతన్నది బండికీ బండికీ మారుతుంది. నూటికి 15 అని ఒకరంటే, 20 అని మరొకరంటారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. బేస్‌లైన్ తీయించని ఒక యజమాని పుల్లీ, ఫిల్టరు, ట్యూను అన్నీ మార్చేశాక డైనో ఎక్కించాడనుకోండి. 360 వచ్చింది. కంపెనీ చెప్పిన 380తో పోలిస్తే 20 పోయినట్టు. నష్టం నూటికి 20 అనుకుని వెనక్కి లెక్కేస్తే ఇంజిన్ దగ్గర 450, అంటే 70 పెరిగినట్టు. నూటికి 15 అనుకుంటే సుమారు 424, అంటే 44 పెరిగినట్టు. చేతిలో ఉన్నది ఒక్క కాగితమే, అందులోంచి మూడు కథలొచ్చాయి. ట్యూన్ అమ్మినవాడు రెండోది చెబుతాడు. ఏది నిజమో పాపం ఆ యజమానికి ఎప్పటికీ తెలియదు. మిల్లుకు పంపేముందు వడ్లు తూకం వేయించని రైతు, తిరిగొచ్చిన బియ్యం బస్తాలను మాత్రమే చూసి మర ఎంత తిన్నదో చెప్పలేడు. ఇదీ అంతే. మార్పులకు ముందు అదే డ్రమ్ము మీద 320 వచ్చినట్టు కాగితం ఉండుంటే, పెరిగింది 40 అని ఎవరినీ అడక్కుండానే తేలిపోయేది.

‘అదే డ్రమ్ము’ అన్నది ఊరికే వాడిన మాట కాదు. డైనోలు అన్నీ ఒకే తీరువి కావు. డైనోజెట్ యంత్రాల్లో చాలావరకు డ్రమ్ము బరువు మీదే ఆధారపడతాయి. ఒహాయోలో తయారయ్యే మస్టాంగ్ డైనోలు విద్యుత్ బ్రేకుతో ఎదురు బరువు పెడతాయి. పేరు ఒకటే గానీ వీటికీ ఫోర్డ్ కారుకూ సంబంధం లేదు. ఒకే బండిని రెండింటి మీదా నడిపితే రెండోదాని మీద అంకె సాధారణంగా తక్కువ వస్తుంది. దీనికి తోడు వాతావరణం. చల్లని, బరువైన గాలిలో ఇంజిన్ ఎక్కువ శక్తినిస్తుంది, మండుటెండలో తక్కువిస్తుంది. అందుకే వచ్చిన అంకెను ఒక ప్రమాణ వాతావరణానికి సర్దుతారు. అమెరికాలో ఎస్‌ఏఈ పద్ధతి 25 డిగ్రీల వేడిని ప్రమాణంగా తీసుకుంటుంది. ఎస్‌టీడీ అనే పాత పద్ధతిలో అదే పరుగుకు అంకె సుమారు నూటికి 4 ఎక్కువ చూపిస్తుంది. ముందు కాగితం ఎస్‌ఏఈలో, తర్వాతి కాగితం ఎస్‌టీడీలో ఉంటే, ఒక్క నట్టు కూడా తిప్పకుండానే 320 కాస్తా 333 అవుతుంది. కాగితం కింద ఏ పద్ధతో రాసి ఉంటుంది. ముందుగా కళ్లు పడాల్సింది దాని మీదే.

పోలిక సంగతి అలా ఉంచితే, బేస్‌లైన్ అసలు విలువ బండి ఆరోగ్యం చెప్పడంలో ఉంది. ఇరవై ఏళ్లు నడిచిన లైట్నింగ్‌లో పెట్రోలు పంపు బలహీనపడి ఉండొచ్చు, బెల్టు జారుతుండొచ్చు, ఇగ్నిషన్ కాయిల్ ఒకటి చావుబతుకుల్లో ఉండొచ్చు, క్యాటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోయి ఉండొచ్చు. రోడ్డు మీద నింపాదిగా నడిపేటప్పుడు ఇవేవీ బయటపడవు. డైనో మీద దాక్కోలేవు. టార్క్ గీత నున్నగా సాగక మధ్యలో వణికితే మంట సరిగా అంటుకోవడం లేదేమోనని అనుమానించాలి. సూపర్‌ఛార్జర్ గాలి తోస్తున్నప్పుడు ఒక పాలు పెట్రోలుకు గాలి పాళ్లు 11.5కి, 12కి మధ్య ఉండాలి. ఇంజిన్ చుట్లు పెరిగేకొద్దీ అది 13 దాటిపోతోందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. ఆ స్థితిలో చిన్న పుల్లీ బిగించి మరింత గాలి తోస్తే ఇంజిన్ నాక్ కొడుతుంది, చివరికి పిస్టన్లు పగులుతాయి. ఈ 5.4 లీటర్ల ఇంజిన్‌కు ఇంకో బలహీనత కూడా ఉంది. దాని హెడ్‌లో స్పార్క్ ప్లగ్గును పట్టి ఉంచే మరలు కొన్నే. అవి అరిగి ప్లగ్గు ఊడి బయటికి ఎగిరిపోయిన సందర్భాలున్నాయి. కొలిచే రోజున ప్లగ్గుల బిగింపు చూసుకోవడం ఎవరూ మరవకూడదు.

ఒక్క పరుగుతో సరిపెట్టుకోవద్దని అనుభవం ఉన్న ట్యూనర్లు అంటారు. కనీసం మూడు కావాలి. సూపర్‌ఛార్జర్ గాలిని నొక్కేటప్పుడు వేడెక్కిస్తుంది. వెంటవెంటనే తొక్కితే ఆ వేడి ఆరక, ఇంజిన్‌ను కాపాడుకోవడానికి కంప్యూటర్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది, మూడో పరుగులో అంకె పడిపోతుంది. ఎంత పడింది, ఎంతసేపు ఆరితే మళ్లీ అందుకుంది అన్నది కూడా రాసిపెట్టుకోవాలి. పుల్లీ మార్చిన తర్వాత వేడి ఇంకా పెరుగుతుంది కాబట్టి, అప్పుడు పోల్చిచూడటానికి ఈ వివరమే పనికొస్తుంది.

డీజిల్ పికప్‌లలో మాత్రం శక్తి పెంచుకునే సంగతి వేరే దారి పట్టింది. పొగను శుద్ధిచేసే పరికరాలను పీకేసి శక్తి పెంచడం అమెరికాలో పెద్దయెత్తున జరిగింది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో వేసిన అంచనా ప్రకారం, అంతకుముందు పదేళ్లలో అలా మార్చిన డీజిల్ పికప్‌లు 5,50,000కు పైనే. ఇది అక్కడి చట్టానికి విరుద్ధం. పక్కవాడి ఊపిరితిత్తుల ఖర్చు మీద తెచ్చుకునే శక్తికి ఏ డైనో కాగితమూ సమర్థన కాదు.

మన దగ్గర చట్టం ఇంకా గట్టిది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే తేల్చింది. అయితే కొలిపించుకోవడం మార్పు కిందికి రాదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ లాంటి పికప్ కొన్నవాళ్లు, వయసు మీదపడిన ఇంజిన్ ఎలా ఉందో తెలుసుకోవడానికి డైనో ఎక్కించవచ్చు. ఒకే జత రోలర్లున్న డైనో అయితే బండిని టూ-వీల్ డ్రైవ్‌లో ఉంచాలి. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండ్లను దాని మీద ఎక్కించకూడదు.

మళ్లీ లైట్నింగ్ దగ్గరకొస్తే, పుల్లీ మార్చి తిరిగొచ్చే రోజున మొదటిసారి రాసుకున్న కాగితం వెంట ఉండాలి. అదే పెట్రోలు, టైర్లలో అంతే గాలి, అదే గేరు, అదే షెడ్డు. పాత గీత మీద కొత్త గీతను పరిచి చూస్తే, పనిచేసిందేదో కూడా తెలుస్తుంది. లైట్నింగ్ సూపర్‌ఛార్జర్ తక్కువ చుట్ల నుంచే గాలి తోస్తుంది కాబట్టి, పుల్లీ వల్ల పెరిగిన శక్తి 2,500 చుట్ల దగ్గరే కనబడి చివరిదాకా సాగుతుంది. ఫిల్టరు వల్ల ఏమైనా వస్తే అది చివరి వెయ్యి చుట్లలోనే, రెండు గీతలూ విడిపోయే ఆ కాస్త సందులోనే కనబడుతుంది.