నీడకో మొక్క, వాలుకో మొక్క: ఏడాదంతా నేలను కప్పే పచ్చదనం ఎంచుకునేదెలా?

365 రోజులూ నేల పచ్చగా కప్పి ఉండాలని ప్రకృతి వ్యవసాయంలో చెప్పుకుంటాం కదా. ఎండ పడే చోట నవధాన్యాలు చల్లితే సరిపోతుంది. చెట్ల నీడలో, గట్టు వాలులో మాత్రం లెక్క వేరు. ఆ రెండింటికీ ఒకే మొక్క పనికిరాదు.

ముందు నీడ సంగతి

మధ్యాహ్నం 12 గంటలకు చెట్టు కింద నేల చూడండి. ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంటే అది సగం నీడ. అక్కడ పింటో పీనట్ బాగా వస్తుంది. ఇది మన వేరుశనగకు చుట్టమే, పుట్టిల్లు బ్రెజిల్. జానెడు ఎత్తులో పాకుతుంది, చెట్టెక్కదు, గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. జానెడు తీగ ముక్కలు కోసి, బీజామృతంలో ముంచి, తొలకరి పడ్డాక అడుగు దూరంలో నాటండి. నేలంతా కమ్ముకునేదాకా కలుపు మనమే తీయాలి. చెట్టు మొదలు చుట్టూ 2 అడుగులు వదిలేయండి.

తేమ నిలిచే నీడైతే సరస్వతి ఆకు వేసుకోవచ్చు. అసలు ఎండే పడని చోట ఏమీ నాటొద్దు. రాలిన ఆకులే అక్కడ ఆచ్ఛాదన, వాటిని ఊడ్చి కాల్చకండి.

మామిడి రైతులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పూతకు ముందు, అక్టోబరు నుంచి చెట్టుకు కొంత బెట్ట కావాలి. తీగ పచ్చగా ఉండాలని అప్పుడు నీళ్లు పెడితే పూతకు బదులు చిగురు వస్తుంది. తీగ వాడితే వాడనివ్వండి, వేరు బతికుంటే వానకు మళ్లీ లేస్తుంది. ఏడాదంతా పచ్చదనం కావాలంటే తడి ఆగని కొబ్బరి, అరటి, పామాయిల్ తోటల్లోనే కుదురుతుంది.

ఇక వాలు

వాలులో ముందు నీటి వేగం తగ్గించాలి, తర్వాతే తీగ. అందుకు వట్టివేరు మేలు. దీని వేర్లు పక్కలకు పాకకుండా నిటారుగా, మంచి నేలలో 3 మీటర్ల దాకా దిగుతాయి. ఏ-ఫ్రేమ్‌తో వాలుకు అడ్డంగా కాంటూరు గీత గుర్తించి, 10–15 సెంటీమీటర్లకో పిలక నాటండి. సందు వదిలితే నీళ్లు ఆ సందులోంచే మట్టిని కోసుకుపోతాయి. వరసల మధ్య పింటో వేసుకోండి. వట్టివేరుకు నీడ పడదు. కాబట్టి నీడ ఉన్న వాలులో అడ్డంగా రాతి కట్ట వేసి, దాని వెనక పింటో పెట్టండి. ఏ-ఫ్రేమ్ తయారీ, పిలకలు నాటే పద్ధతి వీడియోలో చూపించాను.

నర్సరీలో జాగ్రత్త

వెడీలియా అనే పసుపు పూల తీగ ఎక్కడైనా బతుకుతుందని అమ్ముతారు. దానితో చిక్కే అది! ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 చొరబాటు జాతుల ఐయూసీఎన్ జాబితాలో అది ఉంది. ఒకసారి పొలంలోకి వస్తే వదిలించుకోవడం కష్టం. పింటోకూ పసుపు పూలే, అందుకే పువ్వు చూసి కొనండి. వేరుశనగ పువ్వులా ఉంటే పింటో, చిన్న పొద్దుతిరుగుడులా ఉంటే వెడీలియా.

ఎకరాలకు ఎకరాలు ఒకేసారి వద్దు. ఈ తొలకరికి 2 సెంట్లలో పింటో పెంచండి. వచ్చే ఏడాది మీ తీగ ముక్కలే మీ తోటకు నారు, బయట కొనే పని ఉండదు.