ఆసుపత్రి మాటలు – అసలు అర్థాలు



ఆసుపత్రిలో మేము రోజూ వాడే ఇంగ్లీషు మాటలు కొన్నింటికి రెండేసి అర్థాలున్నాయి. అర్థం తారుమారైతే వైద్యం ఆలస్యమవుతుంది. అందుకే ఈసారి కొన్ని మాటల సంగతి చెప్పదలచాము.

పాజిటివ్, నెగటివ్: బయట పాజిటివ్ అంటే మంచిది, నెగటివ్ అంటే చెడ్డది. పరీక్షల్లో అలా కాదు. వెతికినది కనబడితే పాజిటివ్, కనబడకపోతే నెగటివ్. కళ్లె పరీక్షలో టి.బి. పాజిటివ్ అని వస్తే క్రిములు ఉన్నాయని అర్థం. సంతోషించి ఇంటికి వెళ్లిపోకూడదు, వెంటనే మందులు మొదలుపెట్టాలి. బ్లడ్ గ్రూపు నెగటివ్ అంటే మాత్రం జబ్బు కాదు. కాని గర్భిణీ స్త్రీ ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పాలి. బిడ్డది పాజిటివ్ గ్రూపు అయితే కాన్పు అయిన 72 గంటల లోపల తల్లికి ఆంటీ-డి ఇంజక్షన్ ఇవ్వాలి.

డిశ్చార్జి: ఇంటికి పంపడం ఒక అర్థం. పుండు నుండి కారే చీము, రసి, స్త్రీలకు అయ్యే తెల్లబట్ట మరొక అర్థం. "డిశ్చార్జి ఉందా?" అని సిస్టరు అడిగితే ఏ సంగతి అడుగుతున్నారో తెలుసుకొని జవాబు చెప్పండి.

స్ట్రోక్: ఈ మాటకు మొదటి అర్థం దెబ్బ. మన 'వడదెబ్బ'లో ఉన్నదీ ఆ దెబ్బే. చాలామంది దీనిని గుండెపోటు అనుకుంటారు. కాని ఇది మెదడుకు తగిలే దెబ్బ, అంటే పక్షవాతం. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపలే పని చేస్తుంది. మసాజులు, పసరు మందులతో ఆ సమయం పోగొట్టుకోవద్దు.

మలేరియా: ఇటలీ భాషలో 'చెడు గాలి' అని అర్థం. 1897లో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశారు. దోషం గాలిది కాదు, దోమది. పేరు మాత్రం పాతదే మిగిలింది. కిటికీలు మూస్తే చాలదు, దోమతెర కట్టండి, నీళ్లు నిలవనీయకండి.

పేషెంట్: లాటిన్‌లో బాధపడేవాడు, ఓర్చుకొనేవాడు అని అర్థం. నర్స్ అనే మాట పోషించడం నుండి, హాస్పిటల్ అనే మాట అతిథి నుండి వచ్చాయి. కాబట్టి మీరు మాకు అతిథులు. ఓర్పు అంటే నొప్పిని దాచుకోవడం కాదు.

అర్థం కాని మాట ఏది వినబడినా, "సిస్టర్, తెలుగులో చెప్పండి" అని అడగండి. చెప్పడం మా విధి. దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యంతో కాపాడును గాక.