ఫజర్ పాఠానికి ముందు గుప్పెడు నాష్తా

ఫజర్ నమాజు కాగానే పిల్లలు ఖుర్ఆన్ పాఠానికి వస్తారు. అటునుంచి అటే బడికి పరుగెత్తుతారు. ఒకనాడు కృష్ణదేవిపేటలో తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒకే ఆయతు దగ్గర మూడుసార్లు ఆగిపోయాడు. కోప్పడ్డాను. “మౌల్వీసాబ్, రాత్రి నుంచి ఏమీ తినలేదండీ” అన్నాడు మెల్లగా. నాకు సిగ్గనిపించింది. అడగకుండా కసిరిన తప్పు నాదే.

అంత పొద్దున్నే ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్లల చేతికి దొరికేది బిస్కట్ ప్యాకెట్టే. అందుకని వండకుండానే తినగల నిల్వ ఆహారం ప్రతి ఇంట్లో ఉండటం మంచిది. అరబ్బులకు అలాంటిదే సవీఖ్. బార్లీనో గోధుమలనో వేయించి విసిరిన పిండి అది. ఉర్దూలో సత్తు, తెలుగులో పేలపిండి అంటే సరిపోతుంది. హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ దారిలో సహ్‌బా అనే చోట దైవప్రవక్త (స) ఆహారం తెమ్మన్నప్పుడు సవీఖ్ తప్ప మరేమీ లేదు. దాన్నే నీటితో తడిపి అందరూ తిన్నారు. తర్వాత ఆయన నోరు పుక్కిలించి, మళ్ళీ వుజూ చేయకుండానే మగ్రిబ్ నమాజు చేయించారని సహీహ్ బుఖారీలో ఉంది.

నేడు పట్నం దుకాణాల్లో గ్రనోలా పేరుతో అమ్మేదీ వేయించిన ధాన్యమే. దాన్ని ఓట్లు, గింజలు, తీపి కలిపి చేస్తారు. అది కొనాలంటే ఖరీదు. మనకు అనకాపల్లి బెల్లం దగ్గర, జీడిపప్పు ఇంకా దగ్గర. ఓట్ల బదులు మందపాటి అటుకులు చాలు.

అటుకులు 4 కప్పులు, వేరుశనగ గుళ్ళు 1 కప్పు, జీడిపప్పు ముక్కలు అర కప్పు, నువ్వులు 2 చెంచాలు, బెల్లం తురుము అర కప్పు, నెయ్యి 2 చెంచాలు, చిటికెడు ఉప్పు తీసుకోండి. మందపాటి మూకుడులో సన్నని సెగ మీద అటుకులు వేయించండి. వేళ్ళతో నలిపితే పొడి కావాలి. మెత్తగా వంగితే తడి ఇంకా పోలేదన్నమాట. పప్పులు, నువ్వులు విడిగా వేయించుకోండి. బెల్లం కొద్ది నీటిలో కరిగించి, వడకట్టి, పాకం పట్టండి. చన్నీటిలో వేసిన చుక్క గట్టిపడి, విరిస్తే పుటుక్కుమనాలి. లేత పాకమైతే నాష్తా మెత్తబడుతుంది. నెయ్యి, ఉప్పు, వేయించినవన్నీ వేసి వెంటనే కలపండి. మరో 2 నిమిషాలు సన్నని సెగ మీద తిప్పి, పళ్ళెంలో పరచండి. చల్లారేదాకా ముట్టుకోకండి. కరకర అప్పుడే వస్తుంది. ఖర్జూరం, కిస్‌మిస్ పూర్తిగా చల్లారాకే కలపండి. పాకానికి బదులు తేనె పోయకండి, అది గాలిలోని తేమను లాగుతుంది.

గట్టి మూత డబ్బాలో, పొడి గరిటెతో వాడండి. వానాకాలంలో మెత్తబడితే ఖర్జూరం, కిస్‌మిస్ ఏరేసి, మళ్ళీ కాస్త వేయిస్తే సరి. అయిదేళ్ళలోపు పిల్లలకు గుళ్ళు గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది కనుక దంచి పెట్టండి. షుగర్ వ్యాధి ఉన్న పెద్దలు బెల్లం మంచిదే కదా అని మోసపోవద్దు. బెల్లమూ చక్కెరే. వారికోసం పాకం లేకుండా వేయించినది కొంత విడిగా తీసి ఉంచండి. తిన్నాక పిల్లల చేత నోరు పుక్కిలింపించండి, బెల్లం పళ్ళకు అంటుకుంటుంది. సహ్‌బా దగ్గరి ఆ అలవాటు మనకిక్కడా పనికొస్తుంది.

తల్లులకు ఒక మనవి. పాఠానికి వచ్చే పిల్లవాడి జేబులో గుప్పెడు వేసేటప్పుడు ఇంకో గుప్పెడు కూడా వేయండి. పొరుగువాడు పస్తుండగా తాను కడుపు నింపుకోవడం విశ్వాసి లక్షణం కాదని మన ప్రవక్త (స) నేర్పారు. పాఠంలో పక్కన కూర్చున్న పిల్లవాడూ పొరుగువాడే. వాడు ఆకలని నోరు తెరిచి చెప్పకపోవచ్చు. ఇప్పుడు నేను ఆయతు అడిగేముందు, “నాష్తా అయిందా, బేటా?” అని అడుగుతున్నాను.