అమ్మబోతే అడవి

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అను సామెత యెరుగనివారు మన జిల్లాలలో నుండరు. వస్తువు ఒక్కటే, చేయి మారునప్పటికి వెల మారును. ఈ తేడాకు కారణము వస్తువునందు గాక అమ్మువాని అవసరమునందు గలదని నా తలంపు.

బంగారమునకు ఈ చిక్కు కొంత తక్కువ. కోరుట్లలో దుబాయి ప్రయాణపు ఖర్చులకై ఇల్లాలి గొలుసు అంగడికి చేరినచో, కంసాలి గీటురాయిపై గీచి వన్నె చూచును, తూచును, తరుగు తీయును. చేయించిననాటి మజూరి తిరిగి రాదు. అంతటితో లెక్క ముగియును.

భూమి అట్లు కాదు. 1963లో పోచంపాడు వద్ద శ్రీరామసాగరమునకు శంకుస్థాపన జరిగినది; పిమ్మట కాకతీయ కాలువ వచ్చినది. జగిత్యాల ప్రాంతమున చేను కొనబోవువాడు మొదట అడుగునది నేల రంగు కాదు. కాలువకు ఎగువా, దిగువా అని. తరువాత బాట సంగతి. ఆపైన, పొరుగువాడు ఎంతకు అమ్మెను?

ఆ పొరుగువాని దస్తావేజులోనే తిరకాసున్నది. స్టాంపు ఖర్చు తగ్గునని, చేతులు మారిన సొమ్ములో కొంతయే కాగితముపై వ్రాయించుట చిరకాలముగా నున్న అలవాటు. 2013 భూసేకరణ చట్టమో, గడచిన మూడేండ్లలో ఆ చుట్టుపట్ల జరిగిన అమ్మకపు దస్తావేజులలో హెచ్చు వెల గల సగమును గ్రహించి సరాసరి కట్టుమన్నది. దానిపై నూటికి నూరు చొప్పున అదనము చేర్చుమన్నది. మంచిదే, కాని మూలమందలి అంకె అబద్ధమైనచో రెట్టించిన అంకె నిజమగునా? నాడు రుసుము మిగిలినది ఒకనికి, నేడు నష్టము మరియొకనికి.

సిరిసిల్ల చెంత మధ్య మానేరు జలాశయములో కొదురుపాక, వరదవెల్లి మొదలగు ఊళ్లు మునిగినవి. 1894 నాటి పాత చట్టపు 24వ సెక్షను, భూమిని విడుచుటకు యజమానికి ఇష్టము లేకపోవుటను వెల కట్టునపుడు లెక్కలోనికి తీసికొనరాదని స్పష్టముగా చెప్పినది. విపణి వెల యనగా ఇష్టపడి అమ్మువాడు, ఇష్టపడి కొనువాడు కుదుర్చుకొను వెల యని న్యాయస్థానముల నిర్వచనము! ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినపుడెల్ల నాకు నవ్వు రాదు.

ఇక సిరిసిల్ల మరమగ్గము. ఇక్కడి ఆసామి, యజమాని యిచ్చిన నూలును నేసి మీటరుకింత యని పుచ్చుకొనును. కరెంటు, కూలి పోగా మిగులునదెంత, ఏడాదిలో ఎన్ని నెలలు పని యుండును, అనునవే మగ్గమునకు వెల కట్టు లెక్కలు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు కొన్నేండ్లు ఆ నెలలను పెంచినది. ఆర్డరు లేనినాడు మగ్గము వట్టి ఇనుము. గడ్డు సంవత్సరములలో కిలోల లెక్కన అమ్ముకొన్నవారు కలరు. పట్టణములలో అంగడి కొనువారు దాని మంచిపేరునకు వేరుగా సొమ్ము చెల్లింతురు. ఆసామి పనితనమునకు, యజమాని వద్ద అతని పరపతికి అట్టి పద్దు లేదు. పాత ఇనుము కొనువాడు మగ్గమును విప్పి, కొయ్య ముక్కలను ఒక ప్రక్కకు త్రోసి, తక్కినదానిని కాటాపై పెట్టును.