వడ్ల ధర పెరిగితే ఎవరి గాదె నిండుతుంది?

పంటకు గిట్టుబాటు ధర కావాలని రైతులు అడుగుతారు. అది న్యాయమైన కోరికే. పెట్టుబడి పెరిగి ధర పెరక్కపోతే చిన్న రైతు అప్పుల్లో మునుగుతాడు. కాని కూలి జనం మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. పెరిగిన ధర ఎవరి చేతికి వస్తుంది? ఎవరి కొంగుముడి లోంచి పోతుంది? ధరలపై ప్రభుత్వానికి సలహా చెప్పే కమిషన్‌కు అధ్యక్షుడుగా ఉండి, లోపలి సంగతంతా చూసి, ఈ ప్రశ్నను దేశం ముందు పెట్టిన మనిషి డాక్టర్ అశోక్ మిత్ర.

ఆయన 1928లో ఢాకాలో పుట్టారు. అక్కడా, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ చదివారు. హాలెండ్ వెళ్ళి, తర్వాత 1969లో నోబెల్ బహుమతి పొందిన టిన్‌బర్గెన్ దగ్గర డాక్టరేటు చేశారు. కలకత్తాలో పాఠాలు చెప్పారు. 1965లో ఏర్పడిన వ్యవసాయ ధరల కమిషన్‌కు కొంతకాలం అధ్యక్షుడయ్యారు. 1970 నుంచి 1972 దాకా కేంద్ర ప్రభుత్వానికి ముఖ్య ఆర్థిక సలహాదారు. ఇంత పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు చాలామంది అక్కడే సర్దుకుపోతారు. ఈయన సర్దుకోలేదు, బయటికొచ్చారు.

1977లో ఆయన రాసిన పుస్తకం అచ్చయింది. వ్యవసాయ ధరలకూ వర్గ సంబంధాలకూ ఉన్న ముడిని అందులో విప్పి చూపారు. పండితుల కోసం రాసిందే గాని, సారం మన భాషలో చెప్పుకోవచ్చు.

ఒక ఊళ్ళో ఒకాయనకు ముప్పై ఎకరాల మాగాణి ఉందనుకుందాం. తిండికి పోను వందల బస్తాలు అమ్ముతాడు. బస్తాకు పది రూపాయలు పెరిగితే ఆయనకు వేలు మిగులుతాయి. ఎకరం ఉన్న రైతు అప్పు తీర్చడానికి కళ్ళంలోనే నాలుగు బస్తాలు తెగనమ్ముకుని, వానాకాలంలో మళ్ళీ గింజలు కొనుక్కుంటాడు. కూలివాడు అమ్మేదే లేదు, ఏడాది పొడుగునా కొనడమే. ధర ముందు పెరుగుతుంది, కూలిరేటు ఎప్పటికో పెరుగుతుంది. ఆ మధ్యకాలమంతా పస్తు ఎవరిది?

మిత్ర ఇక్కడితో ఆగలేదు. పట్నంలో మిల్లుల యజమానులు, పల్లెలో ధనిక రైతులు కలిసి అధికారం పంచుకున్నారనీ, పల్లె ఓట్లు పోగుచేసిపెట్టే ధనిక రైతుకు ధరల రూపంలో ప్రతిఫలం ముట్టిందనీ చెప్పారు. పేదవాడి డబ్బంతా బియ్యానికే పోతే గుడ్డ ఎవరు కొంటారు? గుడ్డ అమ్ముడుపోకపోతే మిల్లు ఎట్లా నడుస్తుంది? పల్లెలో పస్తు, పట్నంలో లేఆఫ్ - రెండూ ఒకే తాడు కొసలు.

అదే 1977లో పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వం వచ్చింది. మిత్ర ఆర్థిక మంత్రి అయ్యారు. 1978లో ఆపరేషన్ బర్గా మొదలైంది. బర్గాదార్ అంటే మన పాలుకు చేసే కౌలుదారు. చట్టంలో హక్కుంది, కాగితంలో పేరులేదు. భూసంస్కరణల మంత్రి వినయ్ చౌధురి నాయకత్వంలో అధికారులు ఊళ్ళకు పోయి, అందరి ముందూ విచారించి పేర్లు ఎక్కించారు. క్రమంగా 14 లక్షల మందికి పైగా నమోదయ్యారు. అదే ఏడాది పంచాయితీ ఎన్నికలు జరిగాయి. ఆ ప్రభుత్వపు ఖజానా తాళం మిత్ర చేతిలో ఉంది. పన్నులు వేసే అధికారం ఢిల్లీది, పేదవాడికి జవాబు చెప్పాల్సిన పూచీ రాష్ట్రానిదీ అయితే ఎట్లా అని ఆయన కేంద్రంతో పోట్లాడారు. కేంద్ర రాష్ట్ర సంబంధాలపై 1983లో సర్కారియా కమిషన్ వేయడం వెనుక ఇట్లాంటి పోరాటాలున్నాయి.

తాను పెద్దమనిషిని కాననీ, కమ్యూనిస్టుననీ ఆయన అన్న మాట బెంగాల్లో సామెత అయిపోయింది. ఆ మొండితనం సొంత వాళ్ళ దగ్గర కూడా తగ్గలేదు. 1980ల మధ్యలో ప్రభుత్వంతో అభిప్రాయభేదం వచ్చి మంత్రి పదవి వదిలేశారు. 1990లలో రాజ్యసభలో కొత్త ఆర్థిక విధానాలను ఎదిరించారు. 2007లో నందిగ్రామ్‌లో పోలీసు కాల్పుల్లో పల్లె జనం చనిపోయినప్పుడు, తాను నిలబెట్టిన వామపక్ష ప్రభుత్వాన్నే పత్రికలో తప్పుపట్టారు. నోరు మూసుకుంటే తన అంతరాత్మ ముందు దోషినవుతానని రాశారు. 2018 మే 1న, మేడే నాడు, కన్నుమూశారు.

ఆయన లెక్కను కొందరు ఆర్థికవేత్తలు ఒప్పుకోలేదు. మద్దతు ధర లేకపోతే ముందు చితికేది చిన్న రైతేనన్నారు. ఆ మాటలోనూ నిజముంది. అయితే దానివల్ల మిత్ర ప్రశ్న చెల్లిపోదు. ధర ఒక్కటే అడిగితే సగం మాటే అడిగినట్టు. ధరతోపాటు కూలిరేటు, చవక దుకాణంలో బియ్యం, కౌలుదారు పేరు కాగితం మీద - ఈ నాలుగూ ఒకే పట్టున అడగాలి. ఏ మీటింగులో నైనా ధర మాట వచ్చినప్పుడు కూలి మనిషి లేచి నిలబడి అడగాలి: అమ్మేదెవరు, కొనుక్కు తినేదెవరు?